ముందు ఏమీ జరగలేదు

సంక్రాంతికి ఊరు వెళ్తున్నాం. హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డు మీద, చౌటుప్పల్ దాటాక, బండ్లన్నీ నెమ్మదించి నెమ్మదించి ఆగిపోయాయి. ముందు సీట్లో మా బాబాయి. అద్దం దింపి, మెడ బయటికి చాచి చూసి, "ఏదో యాక్సిడెంటయ్యుంటుందిరా, లారీ పడుంటుంది" అని తేల్చేశాడు. పక్క కారులో పెద్దాయన కూడా అదే అన్నాడు. వెనక సీట్లో పిన్ని వేరుశనగల పొట్లం విప్పింది. పది గజాలు కదలడం, ఆగడం. మళ్లీ పది గజాలు. నలభై నిమిషాలు గడిచాక, ఎవరో తలుపు తీసినట్టు, ఉన్నట్టుండి దారి ఖాళీ అయింది.

ఎనభైలో పోతున్నాం. బాబాయి మాత్రం రోడ్డుకు రెండు పక్కలా వెతుకుతూనే ఉన్నాడు. లారీ లేదు. పగిలిన అద్దం పెంకులు లేవు. పోలీసు లేడు. కనీసం ఒక గుంత లేదు. "అయితే మనల్ని ఆపిందెవర్రా?" అన్నాడు. ఆ గొంతులో కాస్త అవమానం ఉంది. ఆలస్యమైనందుకు కాదు, ఆలస్యానికి కారణం చూపించనందుకు.

ఆ ప్రశ్ననే లెక్కలవాళ్లు, ఇంజనీర్లు, భౌతికశాస్త్రం వాళ్లు దాదాపు తొంభై ఏళ్లుగా అడుగుతున్నారు. జవాబు చాలావరకు దొరికింది. అది మా బాబాయికి నచ్చేది కాదు.

జపాన్‌లో యూకి సుగియామా అనే నగోయా విశ్వవిద్యాలయం ఆచార్యుడు, ఆయన సహచరులు ఆ జవాబును నేల మీద గీసి చూపించారు. వాళ్ల ప్రయోగం 2008లో అచ్చయింది. 230 మీటర్ల చుట్టుకొలతతో ఒక వలయం గీశారు. అందులో 22 కార్లను సమానమైన ఎడంతో నిలబెట్టారు. డ్రైవర్లకు చెప్పింది ఒకటే: గంటకు 30 కిలోమీటర్ల వేగంతో, ముందు కారుకు తగలకుండా, తిరుగుతూ ఉండండి. సిగ్నల్ లేదు, కూడలి లేదు, అడ్డం వచ్చే ఆటో లేదు, గేదె లేదు. రోడ్డు మీద మనం తిట్టుకోవడానికి వాడే సాకులన్నీ తీసేసి, మనిషినీ బండినీ మాత్రం ఉంచారన్నమాట.

కాసేపు కార్లు రంగులరాట్నంలా చక్కగా తిరిగాయి. ఆ తర్వాత ఒకచోట కార్లు కొంచెం దగ్గరపడ్డాయి. కాసేపటికి అక్కడ నాలుగైదు కార్లు పూర్తిగా ఆగిపోయాయి. ఎవరూ తప్పు చేయలేదు. ఒకాయన కాలు ఒక్క క్షణం అవసరానికి మించి బ్రేకు మీద ఆనింది, అంతే. వెనకాయన అది గమనించడానికి అర సెకనో సెకనో పట్టింది. ఆలస్యంగా చూశాడు కనక కొంచెం గట్టిగా తొక్కాడు. ఆ వెనకాయన ఇంకా గట్టిగా. నలుగురైదుగురు దాటేసరికి బండి ఆగింది. ముందున్న కార్లు ఒక్కొక్కటే విడిపోయి ముందుకు పోతుంటే, వెనక నుంచి కొత్త కార్లు వచ్చి తగులుకున్నాయి. కార్లు ముందుకు తిరుగుతుంటే, జామ్ వెనక్కి తిరిగింది. దాని వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు.

ఈ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి జపాన్ దాకా పోనక్కర్లేదు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూడండి. పచ్చ దీపం వెలిగాక మొదటి కారు కదులుతుంది, ఒకటిన్నర సెకను తర్వాత రెండోది, మరో ఒకటిన్నర సెకనుకు మూడోది. ఆగి ఉన్న ఒక్కో కారు, దాని ముందున్న ఖాళీతో కలిపి, ఏడున్నర మీటర్ల రోడ్డు తింటుందనుకోండి. అంటే "కదలవచ్చు" అనే కబురు ఏడున్నర మీటర్లు వెనక్కి పోవడానికి ఒకటిన్నర సెకను పడుతోంది. సెకనుకు 5 మీటర్లు, గంటకు 18 కిలోమీటర్లు. జర్మనీలో ఆరు వరుసల రహదారి మీద కొలిచినా, అమెరికాలో కొలిచినా ఈ అంకె 15కూ 20కీ మధ్యనే ఉంటుంది. రోడ్డు నాణ్యతతో, కారు ఖరీదుతో దీనికి సంబంధం లేదు. అది మనిషి కంటికీ కాలికీ మధ్య ఉన్న దూరం.

కాబట్టి బాబాయి ప్రశ్నకు జవాబు ఇది. మేము జామ్ దగ్గరికి వెళ్లడం ఎంత నిజమో, జామ్ మా దగ్గరికి నడిచి రావడమూ అంతే నిజం. అరగంట ముందు, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల అవతల, పెట్రోలు బంకులోకి తిరగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించిన ఎవరో ఆ బ్రేకు తొక్కి ఉంటారు. మేము వేరుశనగలు తింటున్న వేళకు ఆయన ఎంతో దూరం పోయి టీ తాగుతూ ఉంటాడు. ఆయనకు ఏమీ తెలియదు.

1955లో జేమ్స్ లైట్‌హిల్, జెరాల్డ్ విథమ్ అనే ఇద్దరు ఇంగ్లండ్ గణితవేత్తలు రాయల్ సొసైటీ పత్రికలో జంట వ్యాసాలు వేశారు. మొదటిది పొడవైన నదుల్లో వరద ఎలా కదులుతుందన్న దాని గురించి. రెండోది పొడవైన, కిక్కిరిసిన రోడ్ల మీద వాహనాలు ఎలా కదులుతాయన్న దాని గురించి. రెండింటికీ సమీకరణం ఒకటే. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లకు ఇందులో సగం ముందే తెలుసు. భద్రాచలం దగ్గర 53 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఎగిరిందంటే, ఆ పోటు ధవళేశ్వరానికి ఎప్పుడు చేరుతుందో లెక్క కట్టుకుంటారు. అక్కడ కదిలి వచ్చేది నీరు ఒక్కటే కాదు, నీటి ఎత్తు కూడా. ఆ ఎత్తు ప్రయాణించే వేగం వేరు, నీరు ప్రయాణించే వేగం వేరు. నదిలో వరద పోటు నీటికంటే తొందరగా పోతుంది. రోడ్డు మీద తమాషా ఏమిటంటే, రద్దీ ఒక హద్దు దాటాక ఆ పోటు దిశ మార్చి వెనక్కి పరుగెడుతుంది.

ఆ హద్దు ఏమిటో మొదట కొలవబోయినవాడు అమెరికాలో బ్రూస్ గ్రీన్‌షీల్డ్స్. 1930లలో ఒహాయో రాష్ట్రంలో రోడ్డు పక్కన 16 ఎంఎం సినిమా కెమెరా పెట్టి, బొమ్మకీ బొమ్మకీ మధ్య కారు ఎంత జరిగిందో చూసి వేగం లెక్క కట్టాడు. రోడ్డు ఖాళీగా ఉంటే వేగం ఎక్కువ, కానీ దాటిపోయే కార్లు తక్కువ. రోడ్డు నిండిపోతే కార్లు బోలెడు, కానీ వేగం సున్నా కనక దాటేది కూడా సున్నా. రెండు సున్నాల మధ్య ఎక్కడో ఒక శిఖరం ఉండాలి. ఆయన గీసిన గీతకు రద్దీ వైపున దొరికిన చుక్క ఒక్కటేనని తర్వాతివాళ్లు సరదాగా ఎత్తిపొడుస్తుంటారు. అయినా శిఖరం మాత్రం నిజం. మంచి రహదారి మీద ఒక్కో వరుసకు గంటకు 2,000 కార్లు, బాగా కుదిరితే ఇంకాస్త ఎక్కువ.

ఆ శిఖరం చదునుగా ఉండదు, అవతలి పక్క లోయ. గంటకు 2,000 కార్లు సాఫీగా పోతున్న వరుసలోకి మరో వంద ఎక్కిస్తే 2,100 రావు. ప్రవాహం విరుగుతుంది, జామ్ పుడుతుంది. ఆ జామ్ నుంచి అవతలికి బయటపడే కార్లు ముందు పోతున్న వాటికంటే తక్కువ, నూటికి ఐదు నుంచి పదిహేను దాకా తగ్గుతాయి. రద్దీ కాస్త తగ్గినా ఆ తగ్గుదల వెంటనే పూడదు. అంటే రోడ్డు మీద అవసరం ఎక్కువైన క్షణానే రోడ్డు తన శక్తిని తగ్గించుకుంటుంది. కరువులో అధిక మాసం అంటే ఇదే.

(మన రోడ్లకు ఈ లెక్కలు అలాగే వర్తిస్తాయా అంటే, సగమే. మన దగ్గర లేన్ అనేది సూచన మాత్రమే. కార్ల మధ్య సందుల్లోంచి బైకులు నీళ్లలా ముందుకు పారి, సిగ్నల్ దగ్గర కార్లకు ముందు గుంపు కడతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు అందుకే బైకును సగం కారుగానో, ఇంకేదో వంతుగానో మార్చి లెక్క వేస్తారు. ఆ సగం కారు తన సగానికి మించి చేసే పనులు ఏ పట్టికలోనూ ఎక్కవు.)

శిఖరం దాటనీయకుండా ఆపడానికి అమెరికావాళ్లు ఒక చిన్న ఉపాయం వాడతారు. పెద్ద రహదారికి ఎక్కే చోట ఒక దీపం పెడతారు. పచ్చ వెలిగితే ఒక్క కారు ఎక్కాలి. కొన్ని క్షణాలాగి, ఇంకొకటి. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాల్లో ఇలాంటివి సుమారు 430 ఉండేవి. ఖాళీగా కనిపిస్తున్న రోడ్డు ముందు ఎర్ర దీపం చూస్తూ నిలబడటం ఎవరికి నచ్చుతుంది? జనం గొడవ చేశారు. 2000 సంవత్సరంలో మిన్నెసోటా శాసనసభ, సరే, కొన్ని వారాలు అన్నీ ఆర్పి చూద్దామంది. ప్రజాస్వామ్యం చేసిన చక్కటి శాస్త్రప్రయోగాల్లో ఇది ఒకటని నా అభిప్రాయం. ఆర్పాక రహదారుల మీద దాటిపోయే వాహనాలు 9 శాతం తగ్గాయి, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. దీపాలు మళ్లీ వెలిగాయి, కొన్ని మార్పులతో.

ఇంట్లో గరాటు, గ్లాసుడు బియ్యం ఉంటే దీన్ని మీరే చూడవచ్చు. ఒక్కసారిగా గుమ్మరిస్తే గింజలు మెడ దగ్గర ఒకదాని మీద ఒకటి వాలి కమాను కట్టి ఆగుతాయి, వేలితో తట్టాలి. సన్నటి ధారగా పోస్తే ఆగకుండా దిగుతాయి.

ఇంతవరకూ మాట్లాడింది పండగ ప్రయాణం గురించి. ఆలస్యమైతే పులిహోర చల్లారుతుంది, అంతకంటే ఏమీ కాదు. ఇక ఒక నగరం మొత్తం ఒకే మధ్యాహ్నం గుమ్మరించుకుంటే ఏమవుతుందో చూద్దాం.

2005 సెప్టెంబరు 21, బుధవారం. మెక్సికో సింధుశాఖలో రీటా అనే హరికేన్ ఐదో శ్రేణికి ఎదిగింది. గాలులు గంటకు 280 కిలోమీటర్లు దాటాయి. అంచనా ప్రకారం అది టెక్సాస్ తీరంలో గాల్వెస్టన్, దాని వెనకున్న హ్యూస్టన్ వైపు వస్తోంది. మూడు వారాల ముందే కత్రినా హరికేన్ న్యూ ఆర్లీన్స్‌ను ముంచింది. ఇళ్ల కప్పుల మీద నిలబడి చేతులూపుతున్న మనుషులను దేశమంతా టీవీలో చూసింది. అందుకని ఈసారి ఎవరినీ బతిమాలాల్సిన పని లేకపోయింది. రెండు రోజుల్లో పాతిక లక్షల మంది బయల్దేరారు. అమెరికా చరిత్రలో అతి పెద్ద తరలింపుల్లో అది ఒకటి.

కాగితం, పెన్సిలు తీసుకుందాం. పాతిక లక్షల మంది, కారుకు ఇద్దరున్నర చొప్పున పది లక్షల కార్లు. నిజానికి చాలా కుటుంబాలు వరదలో పాడవుతాయని రెండో కారు కూడా తీశాయి, ఆ సంగతి వదిలేద్దాం. తీరం నుంచి లోపలికి పోయే దారులన్నీ కలిపి పది వరుసలు దొరికాయనుకుందాం. వరుసకు గంటకు 2,000 చొప్పున, ఒక్కచోట కూడా జామ్ కాకుండా, రాత్రీ పగలూ నడిస్తే 50 గంటలు. ఇది దేవతలు కార్లు నడిపితే వచ్చే జవాబు. ఇంకో రకంగా చూడండి. పది లక్షల కార్లను బంపరుకు బంపరు తగిలేంత దగ్గరగా, ఒక్కోదానికి ఏడు మీటర్ల చొప్పున నిలబెడితే 7,000 కిలోమీటర్ల బారు. పది వరుసల్లో పంచితే 700 కిలోమీటర్లు. హ్యూస్టన్ నుంచి డాలస్ 385 కిలోమీటర్లు. అంటే ఆ రోడ్లు ఆ కార్లను నడిపించడం సంగతి అటుంచి, నిలబెట్టుకోవడానికైనా చాలవు.

జరిగింది అదే. అసలు పద్ధతి ప్రకారం సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లు ముందు వెళ్లాలి, లోపలివాళ్లు తర్వాత. భయానికి వరుసక్రమం ఉండదు కదా. హ్యూస్టన్ లోపలివాళ్లు కూడా అప్పుడే బయల్దేరారు. దాంతో నిజంగా ప్రమాదంలో ఉన్న తీరం వాళ్లు, ప్రమాదం అంతగా లేనివాళ్ల వెనక ఇరుక్కుపోయారు. ఎండ 37, 38 డిగ్రీలు. పెట్రోలు అయిపోతుందని ఏసీలు కట్టేసుకున్నారు. అయినా అయిపోయింది. దారి పొడుగునా బంకులు ఎండిపోయాయి. ఆగిపోయిన కార్లు వరుసలను మూసేశాయి. నాలుగు గంటల లోపు దూరానికి పదిహేను, ఇరవై గంటలు పట్టింది.

ఒక బస్సు సంగతి చెప్పాలి. హ్యూస్టన్ పక్కనే ఉన్న బెల్లెయిర్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రం నుంచి 22వ తేదీ మధ్యాహ్నం అది బయల్దేరింది. లోపల మంచం పట్టిన ముసలివాళ్లు, వాళ్ల సిబ్బంది, ఆక్సిజన్ సిలిండర్లు. మర్నాడు తెల్లవారుజామున, పదిహేను గంటల ప్రయాణం తర్వాత, డాలస్ పొలిమేరలో విల్మర్ దగ్గర బస్సు వెనక చక్రం దగ్గర నిప్పంటుకుంది. చక్రం బేరింగుకు తగినంత గ్రీజు లేదని దర్యాప్తులో తేలింది. 23 మంది చనిపోయారు. రీటా తరలింపు మొత్తంలో చనిపోయినవాళ్లు వందకు పైగా ఉంటారని లెక్క. చాలామంది రోడ్డు మీదే. తుఫాను గాలి వల్ల, నీటి వల్ల చనిపోయినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

రీటా చివర్లో పక్కకు ఒరిగింది. 24వ తేదీ తెల్లవారక ముందే టెక్సాస్, లూసియానా సరిహద్దు దగ్గర, మూడో శ్రేణికి దిగి తీరం దాటింది. హ్యూస్టన్‌కు పెద్దగా ఏమీ కాలేదు.

రోడ్ల శాస్త్రం ఇక్కడ మనుషుల శాస్త్రంలోకి తొంగి చూడక తప్పదు. వెళ్లమన్నవాళ్లే వెళ్లి ఉంటే సరిపోయేది. వెళ్లమననివాళ్లు కూడా వెళ్లడాన్ని పరిశోధకులు నీడ తరలింపు అంటారు. దీన్ని మొదట స్పష్టంగా చూసింది తుఫానులో కాదు, అణు విద్యుత్ కేంద్రం దగ్గర. 1979 మార్చిలో పెన్సిల్వేనియాలోని త్రీమైల్ ఐలాండ్‌లో ప్రమాదం జరిగింది. ఐదు మైళ్ల లోపు ఉన్న గర్భిణులు, బడికి పోని పసిపిల్లలు వెళ్లిపోతే మంచిదని గవర్నర్ చెప్పాడు. అలాంటివాళ్లు మూడు నాలుగు వేలకు మించరు. కదిలింది 15 మైళ్ల లోపు నుంచే సుమారు 1,44,000 మంది. గర్భిణి ఒక్కతే వెళ్లదు కదా. భర్త వెళ్తాడు, అత్తగారు వెళ్తుంది. పక్కింటివాళ్లు వాళ్ల సామాను చూసి తమదీ సర్దుతారు. ఆ ఘటన తర్వాతే అమెరికాలో ప్రతి అణు కేంద్రం చుట్టూ ఖాళీ చేయించడానికి ఎన్ని గంటలు పడుతుందో ముందుగా లెక్కించి పెట్టాలన్న నియమం గట్టిపడింది. 1982లో యోస్సీ షెఫీ, హానీ మహ్మసానీ, వారెన్ పావెల్ అలాంటి లెక్కలకు ఒక కంప్యూటర్ నమూనా ప్రచురించారు. ఈ శాఖ తొలి పనిముట్లలో అది ఒకటి.

ఇంజనీర్లకు అందరికంటే ముందు తట్టే మందు కాంట్రాఫ్లో. నగరంలోకి వచ్చే వరుసలను కూడా బయటికి తిప్పేయడం. మన భాషలో ప్రభుత్వమే దగ్గరుండి నడిపించే రాంగ్ రూట్. 1999లో ఫ్లాయిడ్ హరికేన్ ముందు దక్షిణ కెరొలీనాలో చార్లెస్టన్ నుంచి కొలంబియా వెళ్లే రోడ్డు గంటల తరబడి గడ్డకట్టింది. జనం పక్కకు చూస్తే, డివైడర్ అవతల నగరం వైపు వరుసలు ఖాళీగా ఎండలో మెరుస్తున్నాయి. ఆ దృశ్యం చూసి కడుపు మండనివాళ్లు లేరు. దాని తర్వాతే చాలా తీరప్రాంత రాష్ట్రాలు కాంట్రాఫ్లో పథకాలు రాసుకున్నాయి.

కానీ అది కనిపించినంత సులువు కాదు. రెండు వరుసలకు రెండు కలిపితే రెట్టింపు రాదు, అంచనాల ప్రకారం మూడింట రెండు వంతుల పెరుగుదల. అలవాటు లేని వైపు, సూచిక బోర్డుల వీపు చూస్తూ నడపాలి. ప్రతి ఎక్కే దారి దగ్గరా ఒక పోలీసు నిలబడాలి, లేకపోతే ఎదురుగా ఒక్క కారు వచ్చినా ఘోరం. నగరంలోకి రావలసిన పెట్రోలు ట్యాంకరుకు, అంబులెన్సుకు దారి పోతుంది. అన్నిటికీ మించి, నాలుగు వరుసలు ఎక్కడో ఒకచోట మళ్లీ రెండు కావాలి. గరాటు మెడ మాయం కాదు, ఊరి బయటికి జరుగుతుంది. రీటా సమయంలో హ్యూస్టన్, డాలస్ రోడ్డు మీద కాంట్రాఫ్లోకు ముందస్తు పథకం సిద్ధంగా లేదు. నిర్ణయం తీసుకుని అమలు చేసేసరికి గంటల కాలం కరిగిపోయింది.

న్యూ ఆర్లీన్స్ కథ ఇందుకు సరిగ్గా తలకిందులు. 2004లో ఐవాన్ హరికేన్ వచ్చినప్పుడు అక్కడ కాంట్రాఫ్లో ఘోరంగా విఫలమైంది. అక్కడి నుంచి బేటన్ రూజ్ 130 కిలోమీటర్లు, చేరడానికి పది గంటలకు పైగా పట్టింది. లూసియానా స్టేట్ యూనివర్సిటీలో బ్రయన్ వోల్షన్ వంటి పరిశోధకులు ఆ జామ్‌ను విప్పి చూశారు. లోపం తిప్పిన వరుసల్లో లేదు, వాటిలోకి ఎక్కించే చోట ఉంది. ఎక్కే ద్వారాలు చాలక, అక్కడే గుంపు కట్టి, అవతల తిప్పిన రోడ్డు సగం ఖాళీగా ఉండిపోయింది. పథకం మార్చారు, ఎక్కే చోట్లు పెంచారు. ఏడాది తిరగకుండానే కత్రినా వచ్చింది. 2005 ఆగస్టు 27 సాయంత్రం మొదలుపెట్టి మర్నాడు సాయంత్రం దాకా వరుసలు తిప్పారు. నగరం, దాని చుట్టుపక్కల నుంచి పది లక్షల పైచిలుకు జనం బయటపడ్డారు. ట్రాఫిక్ ఇంజనీర్ల పుస్తకాల్లో కత్రినా ఒక విజయం.

ఈ వాక్యం రాస్తుంటే నాకే చెయ్యి ఆడటం లేదు. ఎందుకంటే మిగిలిన లక్ష మంది దాకా నగరంలోనే ఉండిపోయారు, వాళ్లలో చాలామందికి కారు లేదు. కార్ల ప్రవాహాన్ని ఎంతో సొంపుగా లెక్కించిన నమూనాలో వాళ్లు అసలు లేరు. రోడ్డు మీదకు రానివాళ్లు జామ్‌లో కనిపించరు. రద్దీ శాస్త్రానికి ఉన్న పెద్ద గుడ్డి మచ్చ ఇదేనని నేననుకుంటాను.

రీటా తర్వాత హ్యూస్టన్ ప్రాంతం నేర్చుకున్నది రోడ్డు వెడల్పు చేయడం గురించి కాదు, జనాన్ని తగ్గించడం గురించి. మన పిన్‌కోడ్ లాంటి వాళ్ల జిప్ కోడ్‌ల ఆధారంగా తీరాన్ని అంచెలుగా విడదీశారు: మొదట తీరం అంచు, తర్వాత ఏ, బీ, సీ. మీ అక్షరం పిలిస్తే కదలండి, లేకపోతే ఇంట్లో ఉండండి. ఫ్లోరిడావాళ్ల నోట్లో ఒక మాట నలుగుతుంటుంది: నీటి నుంచి పరుగెత్తు, గాలి నుంచి దాక్కో. ఉప్పెన తాకే చోటు వదిలి తీరాలి. వట్టి గాలికైతే గట్టి గోడ చాలు. 2017 ఆగస్టులో హార్వే హరికేన్ వచ్చినప్పుడు హ్యూస్టన్ మేయర్ సిల్వెస్టర్ టర్నర్ నగరాన్ని ఖాళీ చేయమని ఆదేశించలేదు. రీటా రోజులను గుర్తుచేశాడు. తర్వాత నగరం నడుములోతు నీళ్లలో మునిగింది, ఆయన్ను తిట్టినవాళ్లకు కొదవ లేదు. నాకు మాత్రం ఆయన చేసింది సబబుగానే తోస్తుంది. హార్వే తెచ్చింది ప్రధానంగా వాన, ఏ వీధి మునుగుతుందో ముందే చెప్పలేని వాన. అలాంటప్పుడు లక్షల కార్లను లోతట్టు రహదారుల మీద నిలబెడితే, నీళ్లు వచ్చే చోటికే మనుషులను తీసుకుపోయి పెట్టినట్టు.

గంటల వ్యవధి కూడా లేకపోతే మాత్రం అంచెలు, అక్షరాలు పనికిరావు. కాలిఫోర్నియాలో పారడైజ్ అనే కొండ ఊరు, 26,000 మంది. తగలబడే ప్రమాదం ఉందని వాళ్లకు తెలుసు. ఊరిని 14 మండలాలుగా విడదీసుకున్నారు, ప్రధాన రోడ్డును ఒకే దిశలో తిప్పే పథకం కూడా ఉంది. 2018 నవంబరు 8న తెల్లవారాక రాజుకున్న మంట గంటన్నరలో ఊళ్లో ఉంది. మండలాల వారీ పిలుపుకు వ్యవధి దొరకలేదు. ఆ అగ్నిప్రమాదంలో 85 మంది చనిపోయారు.

ఇక మన ఒడ్డు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన పదివేల మందికి పైగా తీసుకుపోయింది. పదమూడేళ్ల తర్వాత, 1990 మే 9న, ఇంచుమించు అంతే బలమున్న తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందుగా ఆరున్నర లక్షల మందిని తరలించారు. మృతులు వెయ్యికి లోపు. 2019 మే నెలలో ఫొణి తుఫాను వచ్చినప్పుడు ఒడిశా ఒకటిన్నర రోజుల్లో 12 లక్షల మందిని కదిలించింది. హ్యూస్టన్‌లో కదిలినవాళ్లలో ఇది సగం. కానీ జామ్ గురించి ఎవరూ రాయలేదు, ఎందుకంటే జామ్ లేదు. మన తరలింపులో జనం దూరం పోరు. ట్రాక్టరో, లారీయో, ఆర్టీసీ బస్సో, లేకపోతే కాలినడకో. రెండు మూడు కిలోమీటర్ల అవతల స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు, లేదా గట్టి గోడలున్న హైస్కూలు. ఒక లారీ రోజుకు పది సార్లు తిరగగలదు. అదే కారు డాలస్‌కు ఒక్కసారే పోతుంది. తక్కువ దూరం, పెద్ద బండి, ఎక్కువ తిరుగుళ్లు. పేదరికం వల్ల వచ్చిన ఈ పద్ధతి లెక్కల ప్రకారం చూస్తే మేలైనది. ఇంటికో కారు ఉన్న విశాఖ వీధుల్లో ఇదే పద్ధతి నిలుస్తుందా అనేది వేరే ప్రశ్న. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దాటాక చెట్లు కూలి ఆ నగరం రోడ్లు ఎలా మూసుకుపోయాయో చూసినవాళ్లు కారు తాళం చెవి మీద అంత నమ్మకం పెట్టుకోరు.

మన దగ్గర చిక్కు ఇంకో వైపున ఉంది. అక్కడ కదలనక్కర్లేనివాళ్లు కదులుతారు. ఇక్కడ కదలాల్సినవాళ్లు కదలరు. జనం ఏ గంటకు ఎంతమంది బయల్దేరతారో గీసే వంపుగీత ఒకటుంటుంది తరలింపు పరిశోధనలో, పక్కకు ఒరిగిన 'ఎస్' ఆకారంలో. మొదట కొందరు, మధ్యలో గుంపు, చివర్న సన్నటి తోక. ఆ తోకలో ఉండేదెవరో తీరంలో ఏ రెవెన్యూ ఉద్యోగిని అడిగినా చెబుతాడు. ఇంటి ముందు పాడి గేదె ఉన్నాయన. భార్యాపిల్లలను లారీ ఎక్కించి, తను ఆగుతాడు. షెల్టరులోకి గేదెను రానివ్వరు, దాన్ని వదిలితే ఏడాది కూడు పోతుంది. అందుకే తుఫాను హెచ్చరికల్లో పశువుల పలుపులు విప్పి వదిలేయండి అనే మాట కూడా చేరుస్తారు. ఆయన మధ్యాహ్నం దాకా చూస్తాడు. గాలి దిశ చూస్తాడు, సముద్రం చప్పుడు వింటాడు. రెండుసార్లు కొట్టం దాకా వెళ్లి, ముడి మీద చెయ్యి వేసి, విప్పకుండా తిరిగొస్తాడు. లారీ నాలుగో తిరుగుడు కూడా అయిపోతుంది.